పాత చెక్కుడు గొడ్డలిని గుర్తుపట్టడం, దానికి కామ వేయడం

అమెరికాలో ఏ ఫ్లీ మార్కెట్‌కో (పాత సామాన్ల సంత), ఇంటి సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్‌కో వెళ్తే పాత పనిముట్ల డబ్బా ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. అడుగున తుప్పు పట్టిన చిన్న గొడ్డలి తలలు రెండు మూడు ఉంటాయి. చాలావరకు మామూలువే. ఎప్పుడో ఒకసారి మాత్రం అంచు బాగా వెడల్పుగా, వెనక సుత్తి మొహంతో, కాస్త ఒక పక్కకి ఒరిగినట్టున్న తల చేతికి తగులుతుంది. అలాంటిది దొరికితే వెంటనే కింద పెట్టేయకండి. అది చెక్కుడు గొడ్డలి కావచ్చు. అక్కడివాళ్లు హ్యూయింగ్ హ్యాచెట్ అనీ, బ్రాడ్ హ్యాచెట్ అనీ అంటారు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు రెండు పేర్లూ వాడండి.

రంపపు మిల్లు చెక్క ప్రతి ఊరికీ చేరకముందు దుంగలను నాలుగు పక్కలా చదునుగా చెక్కి దూలాలు చేసేవారు. దానికి రెండు చేతులతో వాడే పెద్ద బ్రాడ్ యాక్స్ ఉండేది. చెక్కుడు గొడ్డలి ఒంటిచేత్తో వాడే దాని చిన్న రూపం. పలక అంచు సరిచేయడం, మేకులు చెక్కడం, దూలం మీద మిగిలిన ఎత్తుపల్లాలు తీయడం దీని పని. మన ఊళ్లో వడ్రంగి బాడిసతో చేసే పనిలో సగం ఇది చేసేస్తుంది. ఇప్పుడు చెక్క గరిటెలు, గిన్నెలు చెక్కేవాళ్లు మళ్లీ దీని కోసం వెతుకుతున్నారు.

కామ, అంటే చెక్క పిడి, వేయడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: చదును పక్క ఏది, అది ఏ చేతికి పనికొస్తుంది? కామ ఎటు వంగాలో, ఎటువైపు నుంచి దూర్చాలో, పదును ఎలా పెట్టాలో అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఇది చూడకుండా హార్డ్‌వేర్ షాపులో దొరికిన కామ కొట్టేసి రెండు పక్కలా సానపడితే, మంచి పనిముట్టు కాస్తా పొయ్యి కట్టెలు చీల్చే గొడ్డలి అయిపోతుంది.

చదును పక్క ఎలా తెలుస్తుంది

తలను తిప్పి, కామ దూరే కన్నం మీ కంటికి ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. కన్నం మధ్య నుంచి అంచు దాకా మనసులో ఒక గీత గీసుకోండి. మామూలు గొడ్డలికి అంచు సరిగ్గా ఆ గీత మీదే ఉంటుంది, తల రెండు పక్కలూ, అంటే చెంపలు, సమానంగా సన్నబడతాయి. చెక్కుడు గొడ్డలికి అంచు గీత మీద ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఆ పక్క చెంప కన్నం దగ్గర నుంచి అంచు దాకా దాదాపు తిన్నగా దిగుతుంది. పదును వాలు అంతా రెండో పక్కనే ఉంటుంది, ఉలికి ఉన్నట్టు.

ఇప్పుడు చదును పక్క మీద స్టీల్ స్కేలు నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. స్కేలు కింద నుంచి సన్నగా వెలుతురు వస్తే కంగారు పడక్కర్లేదు. చాలావాటికి ఆ పక్క అద్దంలా ఉండదు, అంచు రెండు మూలలూ వెంట్రుకవాసి పైకి లేచి ఉంటాయి. మూలలు చెక్కలో దిగబడి గాట్లు పెట్టకుండా కావాలనే అలా చేసేవారు. అందుకే ‘చదును చేద్దాం’ అని బెల్ట్ గ్రైండర్ మీద పెట్టొద్దు.

ఒక చిక్కు ఏంటంటే, వెనకటి యజమానుల్లో ఎవరో ఒకరు దాన్ని మామూలు గొడ్డలి అనుకుని చదును పక్క కూడా సానపట్టి ఉంటారు. అప్పుడు అంచును ఆనుకుని ఒక సన్నటి వాలు పట్టీ కనిపిస్తుంది, దాని పైన చెంప మళ్లీ తిన్నగా ఉంటుంది. పట్టీ సన్నగా ఉంటే పదును పెట్టేటప్పుడు పోతుంది. అర అంగుళం దాకా అరగదీసి ఉంటే మాత్రం బేరం గట్టిగా ఆడండి, లేదా వదిలేయండి.

దీంతో పొరపడే గొడ్డళ్లు ఇంకో మూడున్నాయి. షింగ్లింగ్ హ్యాచెట్ చెక్క పెంకుల పైకప్పు వేసేవాళ్లది, అంచు ఇరుకుగా ఉంటుంది. లాథింగ్ హ్యాచెట్‌కి ఆకు (అంచు వైపు భాగం) పల్చగా, పై గీత తలతో సమంగా తిన్నగా ఉంటుంది. సీలింగ్‌కి ఆనించి మేకు కొట్టడానికి వీలుగా అలా చేశారు. హాఫ్ హ్యాచెట్‌కి కూడా పై గీత తిన్నగానే ఉంటుంది, కింది వైపే వెడల్పవుతుంది. చెక్కుడు గొడ్డలి చాలావరకు రెండు వైపులా విసనకర్రలా విచ్చుకుంటుంది, అంచు 4 నుంచి 6 అంగుళాలు, బరువు కిలోకి అటూ ఇటూ. మేకులు పీకే గాడి ఉందా లేదా అన్నది మాత్రం గుర్తు కాదు, అన్నిట్లోనూ కనిపిస్తుంది.

కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా

పని చేసేటప్పుడు పట్టుకున్నట్టే ఊహించుకోండి. గొడ్డలి కుడిచేతిలో ఉంటే చెక్క మీకు ఎడమ పక్కన ఉంటుంది, చదును పక్క చెక్కను రాసుకుంటూ దిగాలి. అంటే చదును ఎడమకి, వాలు కుడికి ఉంటే కుడిచేతి వాటం. దీనికి తిరగేస్తే ఎడమచేతి వాటం.

కామ లేని తల దొరికితే ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. అమెరికన్ తలలు చాలావరకు పైనా కిందా ఒకేలా ఉంటాయి కాబట్టి, కామ ఏ వైపు నుంచి దూరిస్తే ఆ చేతి వాటం అవుతుంది. కన్నాన్ని రెండు వైపులా కొలవండి. రెండూ సమానమైతే ఎటు నుంచైనా వేసుకోవచ్చు. ఒక వైపు స్పష్టంగా పెద్దగా ఉంటే అదే పైవైపు, కామను బిగించే చీల కొట్టాల్సింది అక్కడే. ఆకు కింది మూల గడ్డంలా దిగి ఉన్నా, యూరప్ గొడ్డళ్లలోలా కన్నమే ఒక పక్కకి ఒరిగి ఉన్నా వాటం మార్చడానికి ఉండదు. ఎడమచేతి వాటం వాళ్లకి ఇలాంటి పనిముట్లు దొరకడమే కష్టం కాబట్టి, ఇంట్లో ఎవరైనా అలా ఉంటే సమానమైన కన్నం ఉన్న తల కనిపించగానే తీసుకోండి.

తయారీదారు ముద్ర చదవడం

తలను సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టి, చెంపల మీద సుద్దముక్క అడ్డంగా రుద్దండి. లోతుగా ఉన్న అక్షరాలు తేలతాయి. పక్క నుంచి టార్చ్ వేసి ఫోన్‌తో ఫొటో తీస్తే ఇంకా బాగా కనిపిస్తాయి. ముద్ర బయటపడేదాకా వైర్ బ్రష్ బిగించిన డ్రిల్ దగ్గరికి పోకండి.

ఎక్కువగా కనిపించే కంపెనీల పేర్లు కొన్ని చెప్తాను. కాలిన్స్ కంపెనీ కనెక్టికట్‌లోని కాలిన్స్‌విల్‌లో 1826లో మొదలై 1966లో మూతపడింది. వాళ్ల ముద్రల్లో కిరీటం, అందులోంచి సుత్తి పట్టుకున్న చెయ్యి ఉంటుంది. ప్లంబ్‌ది ఫిలడెల్ఫియా. కెల్లీ 1904లో వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌కి మారింది, 1930లో అమెరికన్ ఫోర్క్ అండ్ హో అనే కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కంపెనీయే 1949లో ట్రూ టెంపర్ అని పేరు మార్చుకుంది. కాబట్టి కెల్లీ పక్కన ట్రూ టెంపర్ కూడా ఉంటే అంత పాతది కాదు. కీన్ కట్టర్ అనేది సెయింట్ లూయిస్‌లోని సిమ్మన్స్ హార్డ్‌వేర్ అమ్మిన బ్రాండు.

జర్మనీ, స్వీడన్ లాంటి దేశం పేరు ఇంగ్లీషులో కొట్టి ఉంటే అమెరికాకి దిగుమతి అయిన సరుకు అన్నమాట. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం తర్వాతే దిగుమతుల మీద దేశం పేరు తప్పనిసరి అయింది, కాబట్టి అది చాలావరకు 1891 తర్వాతదే అయి ఉంటుంది.

‘క్యాస్ట్ స్టీల్’ అన్న ముద్ర చూసి పోత ఇనుము అనుకుని పక్కన పెట్టేవాళ్లున్నారు. అది మూసలో, అంటే మట్టి పాత్రలో, కరిగించి చేసిన ఉక్కు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ దగ్గర హంట్స్‌మన్ 1740లలో ఆ పద్ధతి తెచ్చాక మంచి పనిముట్ల మీద ఆ మాట గర్వంగా కొట్టేవారు. (మూసలో ఉక్కు చేయడం మనకు కొత్తేం కాదు లెండి. పద్ధతి వేరే గానీ, నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు అంతకు ముందే పేరు మోసింది.) ముద్ర అసలు లేకపోయినా దిగులు వద్దు, ఊరి కమ్మరులు చేసినవాటికి చాలావాటికి ఉండదు.

పనికొస్తుందా లేదా

పేరు కన్నా ఇది ముఖ్యం. తలను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. గంటలా మోగాలి. బొంగురుగా ‘టక్’ మంటే ఎక్కడో పగులుంది. ఎక్కువగా కన్నం పక్క గోడల్లో ఉంటుంది. వెనక సుత్తి మొహం పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే దాన్ని ఎవరో సమ్మెటతో బాదారు. కన్నం కూడా సాగి ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాత కొత్త ఆకురాయితో అంచు దగ్గర మెల్లగా ఒక్క గీత. పట్టీ పట్టనట్టు కొరికితే ఉక్కు బాగున్నట్టే. వెన్నలా దిగిపోతే అక్కడ పదును నిలవదు. ఎవరైనా అగ్గిలో వేసి మెత్తబరిచి ఉండాలి, లేదా అసలు ఉక్కు అరిగిపోయి ఇనుము మిగిలి ఉండాలి. పాతవాటిలో ఒళ్లంతా మెత్తని ఇనుము, చదును పక్క మాత్రం ఉక్కు రేకు అతికించి కొట్టేవారు. ఆ ఉక్కే అంచు. చదును పక్కను గ్రైండ్ చేయొద్దని అనేది ఇందుకే కూడా.

పాత కామ తీయడం, తుప్పు వదలగొట్టడం

పాత కామ విరిగినదే అయినా పారేయకండి. ఎంత వంపు ఉందో, కొస ఎంత మందమో దాని మీద కొలిచి రాసుకోండి. ఆ తర్వాత తలకి ఆనుకుని కింద రంపంతో కోసేయండి. కన్నంలో ఇరుక్కున్న ముక్కని తొలచాలి. ముందు పైన ఇనుప చీలలు ఉన్నాయేమో అయస్కాంతంతో చూడండి, ఉంటే వాటి చుట్టూ డ్రిల్ చేయండి. నాలుగైదు కన్నాలు పెట్టాక మొద్దు ఇనుప కడ్డీతో చిన్న వైపు నుంచి పెద్ద వైపుకి కొడితే ఊడొస్తుంది. నిప్పుల్లో వేసి కాల్చేస్తే సులువు కదా అంటారు. కాలిస్తే అంచు పదును గుణం పోతుంది, అంతే. పాత రంగు వేసి ఉంటే పొడిగా గరుకు కాగితం రుద్దకండి. అమెరికాలో 1978కి ముందు చాలా పెయింట్లలో సీసం ఉండేది.

తుప్పుకి కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్ చాలు. మునిగేలా పోసి, కొన్ని గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్ది చూడండి. రాత్రంతా ఉంచితే సాధారణంగా వదిలిపోతుంది. రోజుల తరబడి మాత్రం మరిచిపోవద్దు, ఇనుమునే తినేస్తుంది. తీసాక వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే తుడిచి, నూనె రాయాలి. ఇక్కడో లాభం కూడా ఉంది: అతికిన ఉక్కు ఉంటే వెనిగర్ తర్వాత అది ముదురు బూడిద రంగులోకి, ఇనుము లేతగా నార చారలతో తేలతాయి. మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఉక్కు ఎంత మిగిలి ఉందో అంగుళాల్లో కొలుచుకోవచ్చు.

కామకి చెక్క

అమెరికాలో ఉంటే హికరీ, అది దొరక్కపోతే యాష్. మన ఊళ్లో ఉన్నవాళ్లకి తుమ్మకర్ర ఉండనే ఉంది, గొడ్డళ్లకీ పారలకీ తరతరాలుగా వాడుతున్నదే. ఏ చెక్కైనా చూడాల్సింది నార. కొస నుంచి కొస దాకా నార తిన్నగా పరుగెత్తాలి. మధ్యలో పక్కకి జారి బయటికి వస్తే అక్కడే విరుగుతుంది. అందుకే రంపంతో కోసినదాని కంటే చీల్చిన చెక్క మేలు. హికరీ, యాష్‌లలో వలయాలు మరీ దగ్గరగా ఉన్నదాని కంటే కాస్త వెడల్పుగా ఉన్నది గట్టిది. తెలుపు, ఎరుపు తేడా పట్టించుకోకండి, హికరీలో రెండూ బలమైనవే.

చెక్క బాగా ఆరి ఉండాలి. పచ్చి కామ బిగిస్తే నెల తిరిగేసరికి ఎండి తల లొడలొడలాడుతుంది. ఊళ్లో అప్పుడు గొడ్డలిని నీళ్ల తొట్టిలో వేస్తాం. ఆ పూటకి బిగుస్తుంది గానీ, ఉబ్బిన నార కన్నం గోడలకి నలిగిపోయి, ఆరాక మునుపటి కంటే వదులవుతుంది. ముందే కామ కొసను ఇంట్లో వెచ్చటి చోట కొన్ని వారాలు ఉంచడం ఒక్కటే దారి.

వంపు కావాలా

పెద్ద పలక మీద చెక్కేటప్పుడు చదును పక్క చెక్కకి ఆనుకుని ఉంటుంది. కామ తిన్నగా ఉంటే వేలి కణుపులు ప్రతి దెబ్బకీ చెక్కకి రాసుకుంటాయి. అందుకే కామని చెక్కకి దూరంగా, అంటే వాలు ఉన్న పక్కకి, చేత్తో పట్టుకునే చివర అంగుళం నుంచి అంగుళంన్నర దాకా వంచుతారు. గరిటెలు, చిన్న ముక్కలు చెక్కడానికైతే తిన్నటి కామ చాలు. చిన్న చెక్కుడు గొడ్డళ్లు చాలా వాటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిందీ తిన్నటిదే. నన్నడిగితే మొదటిసారి వేసేవాళ్లు తిన్నటిదే వేయండి, కన్నంలో దూరే కొసను మాత్రం, కామ అర డిగ్రీ, డిగ్రీ వాలు పక్కకి పడేలా చెక్కుకోండి.

వంచే పనైతే గాలికి ఆరిన హికరీ తీసుకోండి, కిల్న్‌లో (చెక్క ఆరబెట్టే బట్టీలో) ఎండినది వంగకుండా చిట్లుతుంది. అంగుళం మందానికి గంట చొప్పున ఆవిరి పట్టించి, తలకి మూడు నాలుగు అంగుళాల కింద వంపు వచ్చేలా దిమ్మ మీద క్లాంపులతో బిగించి కొన్ని రోజులు వదిలేయండి. విప్పగానే కొంచెం వెనక్కి తీసుకుంటుంది కాబట్టి కావాల్సిన దాని కంటే కాస్త ఎక్కువే వంచాలి. కొస చెక్కడం ఇదంతా అయ్యాకే.

బిగించడం

పొడవు 14 నుంచి 18 అంగుళాలు. కన్నాన్ని కాగితం మీద అచ్చు తీసి కామ కొస మీద అంటించి, నాలుగు పక్కలా మధ్య గీతలు గీసుకోండి. ముందు ఉలితో, తర్వాత ఆకురాయితో గీత దాకా తగ్గించండి. కన్నం లోపల పెన్సిల్ పొడి పూసి, కొస దూర్చి, గొడ్డలిని తల కిందికి వేలాడేలా పట్టుకుని కామ అడుగున కొయ్య సుత్తితో కొట్టండి. బరువుకి తలే పైకి ఎక్కుతుంది. తీసి చూస్తే ఎక్కడ రాసుకుందో అక్కడ నల్లగా అంటుతుంది. ఆ నలుపు మాత్రమే గీకండి. మళ్లీ దూర్చండి. విసుగు పుట్టించే పనే, కానీ తొందరపడి ఒకేసారి ఎక్కువ గీకితే చీల ఎంత కొట్టినా ఆ ఖాళీ పూడదు. కొస కన్నం పైకి పావు అంగుళం రావాలి. అడుగున మెట్టులా గాటు లేకుండా నున్నగా కలవాలి, గాటు ఉన్న చోటే విరుగుతుంది.

చీల కొట్టకముందే అసలు పరీక్ష చేయండి. గాజు పలక మీదో, టేబుల్ మీదో చదును పక్క కిందికి ఉండేలా తలను ఆనించండి. కామ పట్టుకునే చివర గాలిలో ఉంటుంది. దాన్ని మీ చేత్తో పట్టుకోండి. వేలి కణుపులు టేబుల్‌కి తగలకుండా కామ చుట్టూ మూసుకుంటే చాలు. తగిలితే తీసి, కామ ఇంకాస్త వాలు పక్కకి పడేలా కన్నంలో దూరే కొసను చెక్కండి. మామూలు గొడ్డలికి అంచూ కామా ఒకే గీతలో ఉన్నాయా అని చూస్తాం. ఇక్కడ ఆ కొలత పనికిరాదు, ఎందుకంటే అంచు ముందే ఒక పక్కకి ఉంది.

కుదిరాక కొసలో, కన్నం పొడవు వెంట, దాని లోతులో మూడింట రెండొంతుల దాకా రంపపు గాటు పెట్టండి. పాప్లర్‌లాంటి కాస్త మెత్తని చెక్కతో చీల చేయండి. వెడల్పు కన్నం పొడవంతా ఉండాలి, మందం సన్నగా మొదలై మెల్లగా పెరగాలి. తలను చివరిసారి బిగించి, చీలని మెల్లమెల్లగా కొట్టండి. దెబ్బ శబ్దం మారి గట్టిగా మోగినప్పుడు ఆపండి, ఇంకా కొడితే చీల చిట్లుతుంది. పైన మిగిలింది కోసేటప్పుడు పావు అంగుళంలో సగం వదిలేయండి. ఇనుప చీల ఇప్పుడే వద్దు.

పదును, నూనె

సాన వాలు పక్కే. 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఆకురాయితో దిద్ది, సానరాళ్ల మీద ముగించండి. గ్రైండర్ వాడక తప్పకపోతే క్షణానికోసారి నీళ్లలో ముంచండి, అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. చదును పక్కని సానరాయి మీద పడుకోబెట్టి, సానపట్టినప్పుడు అంచున లేచిన రజను తీసేంత వరకే రుద్దాలి, ఒక్క డిగ్రీ కూడా ఎత్తకూడదు.

షాపులో కొన్న కామైతే దాని మీది వార్నిష్ గీకేయండి, చెమట పడితే జారుతుంది, బొబ్బలెక్కిస్తుంది. ఉడికించిన అవిసె నూనె పల్చగా రెండు మూడు పూతలు వేసి తుడిచేయండి. తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట విప్పి ఆరేసి, గట్టిపడ్డాకే పారేయండి.

మొదటిసారి వాడేటప్పుడు ముందు ఎవరూ లేకుండా చూసుకుని, తక్కువ ఎత్తు నుంచి పది దెబ్బలు వేసి తల కదిలిందేమో చూడండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి చూడండి. చీల కొద్దిగా పైకి లేస్తే ముందు దాన్నే కొట్టి దించండి. అయినా తల కదులుతుంటే, అప్పుడు చెక్క చీలకి ఐమూలగా ఒక చిన్న ఇనుప చీల దించండి.